అన్నీ వున్న విస్తరి

"అన్నీ వున్న విస్తరి అణిగి మణిగి వుంటుంది, యేమీ లేని విస్తరి యెగిరెగిరి పడుతుంది" అని మన పెద్దలు మనుషుల నడతను గురించి చెప్పేవారు. వారి కాలంలో విస్తరి అంటే ఆకే. యెగిరిపడిన ఆకు నాలుగు రోజులు యెండి, ఒక వానకు తడిసి, మట్టిలో కలిసిపోయేది. యిప్పటి విస్తరి కథ వేరు. తెల్లని థర్మోకోలు పళ్లెం గాలికి లేచి కంచెకు తగులుకుంటుంది, కంచె విడిస్తే కాలువలో పడుతుంది, వరద వస్తే ప్రాణహితలో చేరుతుంది, అక్కడనుంచి గోదావరిలో కలిసి సముద్రం దాకా ప్రయాణం చేస్తుంది. యెక్కడికి పోయినా మట్టిలో మాత్రం కలవదు. పెద్దల సామెత యింత అక్షరాలా నిజమవుతుందని వారు కూడా అనుకుని వుండరు.

సిరొంచ సీమ పాఠకులలో చాలమందికి పుట్టిల్లో, మెట్టినిల్లో, లేక తాతగారి వూరో అయి వుంటుంది. తెలియనివారికోసం రెండు మాటలు. వార్ధా, వైన్‌గంగ నదులు కలిసి ప్రాణహిత అవుతున్నవి. ఆ ప్రాణహిత గోదావరిలో కలిసే చోట ఒక గట్టున కాళేశ్వరం, ఒక గట్టున సిరొంచ. 1860 లో నిజాముగారి యేలుబడినుంచి ఆంగ్లేయుల చేతికి వచ్చినప్పుడు యీ భాగాన్ని ఎగువ గోదావరి జిల్లా అన్నారు; సిరొంచ దానికి ముఖ్యపట్టణం. తరువాత చాందా జిల్లాలో కలిపినారు. 1956 లో బొంబాయి రాష్ట్రంలోకి, 1960 మే 1 న మహారాష్ట్రలోకి వచ్చింది. 1982 ఆగస్టు 26 న గడ్చిరోలి జిల్లా యేర్పడినప్పుడు అందులో చేరింది. కాగితాల మీద చిరునామా యిన్నిసార్లు మారినా, యింట్లో మాట్లాడే తెలుగు మారలేదు, పొలంలో వేసే వరి మారలేదు, పెళ్లిలో వేసే విస్తరి కూడా మొన్న మొన్నటిదాకా మారలేదు.

మారినదెప్పుడో, యెందుకో, యిప్పుడు తిరిగి యేమి చేయవచ్చునో మాకు తెలిసినంతలో చెప్పడమే యీ వ్యాసం వుద్దేశం.

చట్టం వద్దన్నది, మరి యేది కావాలి?

థర్మోకోలు అనేది పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్కును గాలితో వుబ్బించి చేసిన సరుకు. తేలికగా వుంటుంది, చౌకగా దొరుకుతుంది, పప్పుచారు కారదు. అందుకే పదిమందికి వడ్డించే ప్రతి చోటికీ పాకింది. దానికి మూలమైన స్టైరీన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగం 2018 లో మనుషులకు బహుశా క్యాన్సరు కలిగించగల పదార్థాల జాబితాలో చేర్చింది. వేడి వేడి అన్నం, నెయ్యి, నూనె తగిలే పళ్లేనికి యిది మంచి పేరు కాదు.

మహారాష్ట్ర ప్రభుత్వం 2018 మార్చి 23 న ప్లాస్టిక్, థర్మోకోలు పళ్లాలను, కప్పులను నిషేధిస్తూ ప్రకటన చేసింది. కేంద్ర ప్రభుత్వం 2022 జూలై 1 నుంచి దేశమంతటా ఒక్కసారి వాడి పారవేసే ప్లాస్టిక్ పళ్లాలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు మొదలైనవాటిని ఆపుచేసింది. అనగా సిరొంచలోనూ, వంతెన దాటితే కాళేశ్వరంలోనూ చట్టం ఒక్కటే. అయినా సంతలో ఆ సరుకు కనిపించకుండా పోలేదన్న సంగతి పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. చట్టం "వద్దు" అని మాత్రమే అనగలదు. చేతికి అందేటట్టు, ధర గిట్టుబాటయ్యేటట్టు మరొక పళ్లెం లేకపోతే, వంటవాడు పాత దుకాణానికే పోతాడు.

యీ సంగతి యిప్పుడు తొందరపడి ఆలోచించడానికి ఒక కారణమున్నది. 2022 ఏప్రిల్ 13 నుంచి 24 వరకు ప్రాణహిత పుష్కరాలు జరిగినప్పుడు రెండు గట్లా జనం వచ్చి స్నానాలు చేసినారు. 2025 మే 15 నుంచి 26 వరకు కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు జరిగినవి. 2027 గోదావరి పుష్కరాల సంవత్సరం. నదికి మొక్కడానికి వచ్చినవారు నది వొడ్డునే తింటారు. తిన్న విస్తరి యెక్కడికి పోతుంది? పన్నెండు రోజుల పుణ్యానికి వందల యేళ్ల చెత్త మిగిల్చి పోవడం యే శాస్త్రంలోనూ లేదు.

వ్యర్థం అనే మాట

పంట చేతికి వచ్చిన తరువాత మిగిలినదానితో పళ్లాలు, డబ్బాలు చేయవచ్చునని యీనాడు అందరూ అంటున్నారు. వినడానికి బాగానే వున్నది. అయితే "వ్యవసాయ వ్యర్థం" అనే మాటను పట్టణంలో కూర్చున్నవారు వాడినంత తేలికగా పల్లెలో వాడరాదు.

మన తాలూకాలో వరి చూడండి. 100 కిలోల వడ్లు మరపట్టిస్తే సుమారు 20 కిలోల వూక, 7, 8 కిలోల తవుడు వస్తుంది. గింజ యెంత పండితే గడ్డి దాదాపు అంతే, లేక అంతకన్న కొంచెం యెక్కువే పండుతుంది. మన మరాఠీ యిరుగుపొరుగువారు దీనిని తణస్ అంటారు. యీ గడ్డి పశువుల మేత. వామి వేసుకుని యేడాది పొడుగునా వాడుకునే సొత్తు. వూక బాయిలర్ల కిందికి, యిటుకల బట్టీలకు పోతుంది. తవుడు నూనె తీయడానికి, పశువుల దాణాకు పోతుంది. యిందులో వ్యర్థమేది?

వ్యర్థం లేకపోలేదు. కోతయంత్రం వచ్చిన చోట గడ్డి మోపులుగా చేతికి రాదు. పొలంలో చెల్లాచెదరై పడుతుంది. దానిని యేరుకునే కూలి గిట్టక రైతు నిప్పు పెడతాడు. పత్తికట్టె కూడా అంతే. మరాఠీలో పఱ్హాటి అనే ఆ కట్టెను కొంత పొయ్యిలోకి తీసుకుపోయినా, మిగిలినది పొలం గట్టునే కాలిపోతుంది. నిజమైన వ్యర్థమంటే యిదే. పళ్లాల ఫ్యాక్టరీ పెట్టేవారు మొదట యీ కాలిపోయేదానిని అడగాలి గాని, యెద్దు నోటిముందు గడ్డిని కాదు. గడ్డికి ఫ్యాక్టరీ ధర వస్తే, కొనుక్కునే స్తోమత లేని చిన్నరైతు గొడ్డు పస్తుంటుంది. యీ మాట యెవరూ ప్రకటనలలో వ్రాయరు గనుక మేము వ్రాస్తున్నాము.

పళ్లెం మూడు విధాలు

గడ్డిగాదాలనుంచి పళ్లెం చేయడానికి ముఖ్యంగా మూడు మార్గాలున్నవి.

మొదటిది గుజ్జు మార్గం. బల్లార్‌పూర్, కాగజ్‌నగర్ మిల్లుల పేర్లు యెరిగిన మన కుటుంబాలకు గుజ్జు అంటే యేమిటో వివరించనక్కరలేదు. వెదురుకు బదులు చెరకుపిప్పిని గాని, వరిగడ్డిని గాని కాస్టిక్ సోడావంటి క్షారంతో వుడికించి, నార విడదీసి, నీళ్లలో పలచగా కలుపుతారు. సన్నని జల్లెడవంటి అచ్చును అందులో ముంచి నీటిని పీల్చివేస్తే, నార అచ్చుకు అంటుకుని పళ్లెం ఆకారం వస్తుంది. దానిని బాగా కాగిన అచ్చుల మధ్య నొక్కి ఆరబెడతారు. చెరకుపిప్పి యీ పనికి చాల అనువైనది. 100 కిలోల చెరకు గానుగాడితే సుమారు 30 కిలోల తడిపిప్పి వస్తుంది, అదీ ఒక్క చోటనే, ఫ్యాక్టరీ గుమ్మంలోనే దొరుకుతుంది. వుత్తరప్రదేశ్‌లోని అయోధ్యలో యాష్ పక్కా అనే కాగితపు కంపెనీ 2017 లో చక్ అనే పేరుతో యిట్టి పళ్లాలను సంతకు తెచ్చింది. వరిగడ్డితో చేయడానికి ఢిల్లీ ఐ.ఐ.టి.లో చదివిన యువకులు క్రియా ల్యాబ్స్ అనే సంస్థ పెట్టినారు.

రెండవది తవుడు మార్గం. పోలండు దేశంలో బయోట్రెమ్ అనే సంస్థ గోధుమతవుడును కొంచెం నీటితో తడిపి, వేడి అచ్చుల మధ్య గట్టిగా అదిమి పళ్లాలు చేస్తున్నది. వేరే జిగురు లేదు, రసాయనం లేదు. ఒక టన్ను తవుడుకు 10,000 పళ్లాలదాకా వస్తాయని వారు చెప్పుకొనే లెక్క. మన దేశంలో తిరువనంతపురంలోని కేంద్ర శాస్త్రపరిశోధనాలయం యిటువంటి పద్ధతిని వూక, తవుడు, పండ్ల తొక్కలవంటివాటికి కూడా వర్తింపజేసింది. కేరళలో తూషన్ అనే సంస్థ గోధుమతవుడు పళ్లాలు చేస్తున్నది. యీ పళ్లెం భోజనమైన తరువాత గొడ్డుకు వేసినా తినగలదు. యింకొక అడుగు ముందుకు వేసి, చెంచానే తినివేసే వుపాయం కనిపెట్టినవారు మన తెలుగువారే. ఇక్రిశాట్‌లో పనిచేసిన పీసపాటి నారాయణగారు హైదరాబాదులో జొన్నపిండి, బియ్యప్పిండి, గోధుమపిండి కలిపి కాల్చిన చెంచాలు చేసి, 2016 నాటికి దేశవిదేశాలలో పేరు తెచ్చుకున్నారు. నీళ్లు యెక్కువ తాగే పంటల వెంటబడి జొన్నను మరచిపోతున్నామన్న బాధ ఆ చెంచా వెనుక వున్నది.

మూడవది ఆకు మార్గం. దీనికి కనిపెట్టినవాడి పేరు లేదు. మన నాయనమ్మలందరికీ వచ్చును.

ఒక గుమస్తా లెక్క

మావంటి గుమస్తాలకు యే మాటనైనా అంకెలలో పెట్టి చూస్తేగాని నిద్రపట్టదు. అందుచేత ఒక లెక్క వేసినాము. మన సంఘం వనభోజనానికి 300 మంది వస్తారనుకుందాము. గుజ్జుతో చేసిన భోజనపళ్లెం ఒక్కొక్కటి సుమారు 20 గ్రాములు. 300 పళ్లాలకు 6 కిలోల గుజ్జు కావాలి. వరిగడ్డి బరువులో గుజ్జుగా చేతికి వచ్చేది సుమారు నూటికి 40 వంతులు. అంటే 15 కిలోల గడ్డి చాలు. ఒక జత యెడ్ల ఒకనాటి మేతకు కొంచెం యెక్కువ, అంతే. యింత తక్కువ గడ్డితో మూడువందలమంది భోంచేయగలిగితే యెవరు కాదంటారు?

కాని లెక్కలో రెండవ పేజీ వున్నది. మిగిలిన నూటికి 60 వంతులు యేమైనట్టు? అది క్షారంతో కలిసి నల్లని ద్రవమై ఫ్యాక్టరీ వెనుకనుంచి బయటికి వస్తుంది. పెద్ద మిల్లులు దానిని చిక్కబరచి, కాల్చి, క్షారాన్ని తిరిగి రాబట్టుకుంటాయి. వరిగడ్డితో చిక్కేమంటే, అందులో యిసుకలో వుండే సిలికా అనే పదార్థం యెక్కువ. అది క్షారంలో కరిగి, గొట్టాలలో, బాయిలర్లలో పెచ్చులు కట్టి, రాబట్టుకునే పనిని పాడుచేస్తుంది. అందుకే గడ్డిగుజ్జు మిల్లు చిన్నదైతే, దొంగచాటుగా ఆ నల్లనీటిని వాగులోకి వదిలివేసే ప్రలోభం యెప్పుడూ వుంటుంది.

పాఠకులు యీ చోట ఒక్కక్షణం ఆగి ఆలోచించవలెను. ప్రాణహితను ప్లాస్టిక్కునుంచి కాపాడడానికని గట్టున మిల్లు పెట్టి, ఆ మిల్లు నీటితో ప్రాణహితనే పాడుచేసుకుంటే, కొరివితో తల గోక్కున్నట్టే. గుజ్జు పళ్లాలు చెడ్డవని మేము అనడం లేదు. అవి చెరకు ఫ్యాక్టరీల పక్కన, నీటిని శుద్ధిచేసే యేర్పాటున్న పెద్ద మిల్లులలో తయారు కావలసినవి. సిరొంచకు తగినవి మాత్రం నీళ్లూ రసాయనాలూ అక్కరలేని రెండు మార్గాలే: తవుడు, ఆకు.

పచ్చరంగు వేసిన మాటలు

సంతలో యిప్పుడు ప్రతి కప్పు మీదా ఒక ఆకుబొమ్మ అచ్చువేసి వుంటున్నది. ఆ బొమ్మను చూచి మోసపోరాదు.

కాగితపు కప్పు అనేది కాగితం మాత్రమే అయితే టీ పోసిన నిమిషంలో మెత్తబడిపోవాలి. అట్లా కాకుండా వుండడానికి లోపల సన్నని ప్లాస్టిక్ పొర వేస్తారు. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.వారు 2020 లో ప్రకటించిన పరిశోధనలో, యిటువంటి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడినీరు 15 నిమిషాలు వుంచితే కంటికి కనిపించని ప్లాస్టిక్ నలుసులు సుమారు 25,000 ఆ నీటిలోకి దిగినట్టు తేలింది. ఆకుపళ్లెం కింద అట్ట వేసి, ఆ అట్టమీద నిగనిగలాడే పొర వేస్తే, ఆ పళ్లెం కూడా యీ కులంలోనిదే.

గుజ్జుపళ్లాలలో మరొక సంగతి వున్నది. నూనె పీల్చకుండా వుండడానికి కొన్నిచోట్ల ఫ్లోరిను కలిసిన రసాయనాలు చేర్చేవారు. అవి మట్టిలోగాని, నీటిలోగాని, మన శరీరంలోగాని సులభంగా విరగవు. అమెరికాలో యిట్టి పదార్థాలను తిండి కాగితాలకు పూసే అమ్మకాలు నిలిచిపోయినవని అక్కడి ఆహార, ఔషధ శాఖ 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. యూరపు దేశాలు 2026 ఆగస్టు 12 నుంచి వాటికి హద్దులు పెడుతూ 2025 లో శాసనం చేసినవి. మనం కొనేటప్పుడు "యీ పళ్లెంలో ఆ రసాయనం లేదని వ్రాసి యిస్తారా?" అని అడగడంలో తప్పులేదు.

యిక మొక్కజొన్న పిండినుంచి చేసిన ప్లాస్టిక్. యిది కుళ్లుతుందన్న మాట నిజమే గాని, దానికి 58, 60 డిగ్రీల వేడి నిలకడగా వుండే పెద్ద యెరువు కర్మాగారం కావాలి. మన పెంటకుప్పలో వేస్తే చాలకాలం అట్లాగే పడి వుంటుంది. కనుక "కుళ్లుతుంది" అని వ్రాసి వుంటే "యెక్కడ? యెన్నాళ్లకు?" అని అడగవలెను.

పెరటి చెట్టు

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు" అంటారు. సిరొంచ అడవులకు మోదుగ అటువంటి పెరటి చెట్టు. మరాఠీలో పళస్, సంస్కృతంలో పలాశం. ఫాల్గుణంలో ఆకురాల్చి నిప్పురంగు పూలతో నిలబడుతుంది, వేసవిలో కొత్త ఆకు తొడుగుతుంది. హోమానికి సమిధలు దానివే, విందుకు విస్తళ్లు దానివే. ఆకుల వెడల్పునుబట్టి ఆరో యెనిమిదో చేర్చి, సన్నని పుల్లతో కుట్టి, బరువు కింద అణచి యెండబెడితే పత్రావళి తయారు. రెండు ఆకులు మడిస్తే దొప్ప, మరాఠీవారి ద్రోణ్. విశాఖ, శ్రీకాకుళం మన్యాలలో యిదే పనికి అడ్డాకు వాడతారు. అది వ్యర్థం కాదు, ముడిసరుకూ కాదు. కోసిన చెట్టు తిరిగి చిగిర్చే ఆదాయం.

యీ పని చేసేవారు ముఖ్యంగా ఆడవారు. పొలంపని లేని నెలలలో, యిల్లు కదలకుండా, పిల్లను వొళ్లో పెట్టుకుని చేసే పని. థర్మోకోలు వచ్చి మొట్టమొదట కొట్టినది వీరి కడుపుమీదనే. ఒక పళ్లెం స్థానంలో మరొక పళ్లెం వచ్చిందని మనం అనుకున్నాము. వారికి మాత్రం యింటి ఖర్చుకు వచ్చే నాలుగు డబ్బులు పోయినవి. యిప్పుడు థర్మోకోలు పోయి యెక్కడో దూరపు ఫ్యాక్టరీ గుజ్జుపళ్లెం వస్తే, నదికి మేలే గాని వారికి పోయినది తిరిగిరాదు. అందుచేత "ప్లాస్టిక్ కాదు గదా" అన్న ఒక్క ప్రశ్నతో ఆగకూడదని మా అభిప్రాయం. యీ రూపాయి యెవరి చేతికి పోతున్నది అని కూడా అడగవలెను.

దీనికి చట్టబలం కూడా వున్నది. 2006 అటవీహక్కుల చట్టం ప్రకారం కలప తప్ప అడవిలో మొక్కలనుంచి వచ్చే చిల్లర ఫలసాయాన్ని సేకరించుకునే, అమ్ముకునే హక్కు అడవివాసులకు, గ్రామసభలకు వున్నది. మన గడ్చిరోలి జిల్లాలోనే ధానోరా దగ్గరి మెంఢా లేఖా గ్రామం 2009 లో 1,800 హెక్టార్ల అడవిమీద సామూహిక హక్కు పొందింది. 2011 లో తన వెదురును తానే అమ్ముకోవడం మొదలుపెట్టింది. వెదురుకు సాధ్యమైనది మోదుగాకుకు యెందుకు సాధ్యం కారాదు? వేడి అచ్చుతో విస్తరిని గిన్నెలాగా, గళ్ల పళ్లెంలాగా నొక్కే చిన్నయంత్రాలు యిప్పుడు దొరుకుతున్నవి. ఒక మహిళాసంఘం ఒక గదిలో పెట్టుకోవచ్చును. పులుసు కారుతుందన్న పాత ఫిర్యాదు అచ్చుతో చాలవరకు తీరుతుంది.

మన వంతు

యంత్రం దొరుకుతుంది, ఆకు దొరుకుతుంది, కుట్టే చేతులున్నవి. దొరకనిది నిలకడగా కొనేవాడు. ఒకసారి పదివేలు అడిగి, తరువాత యేడాది పొడుగునా అడగనివాణ్ణి నమ్ముకుని యెవరూ యంత్రం కొనరు. యిక్కడనే మన సంఘంవంటివాటికి పనివున్నది. యేడాదిలో మనకు వుగాది, వనభోజనం, వార్షికోత్సవం ముందే తెలిసిన తేదీలు. యెంతమంది వస్తారో సుమారుగా తెలుసు. ఆ లెక్క కట్టి, ఆకు దొరికే వేసవిలోనే బయానా యిచ్చి, యేడాది విస్తళ్లు ఒక్కసారే చెప్పుకుంటే, ఆరబెట్టి భద్రపరచిన విస్తరి మనకు సిద్ధంగా వుంటుంది, వారికి పని ఖాయమవుతుంది. ఒక్కొక్క విస్తరికి ఒకటి రెండు రూపాయలు యెక్కువైతే, వంటకాలలో ఒక తీపి తగ్గించుకుంటే సరిపోతుంది. వైద్యులు కూడా అదే చెబుతున్నారు గదా!

యింట్లో అయితే యింకా సులభం. పదిమందిలోపు భోజనానికి స్టీలు కంచం కడుక్కోవడంకన్న గొప్ప వుపాయం యే శాస్త్రజ్ఞుడూ కనిపెట్టలేదు. హోటలునుంచి సాంబారు తెచ్చుకోవాలంటే యింటినుంచి గిన్నె పట్టుకుపోవచ్చును. మిర్చిబజ్జీలు వార్తాపత్రికలో కట్టించుకోరాదు. సిరా తిండికి అంటుతుందనే 2018 ఆహార భద్రతా నిబంధనలు దానిని నిషేధించినవి. భోజనమైన ఆకువిస్తళ్లను ప్లాస్టిక్ సంచిలో కట్టి పారవేస్తే చేసిన పుణ్యమంతా సంచిపాలే. గొయ్యి తవ్వి, పైన పిడికెడు మట్టి, కొంచెం పేడ చల్లితే, వర్షాకాలం దాటేసరికి పాదులకు యెరువవుతుంది.

2027 పుష్కరాలకు మన బంధువులు నలుమూలలనుంచి సిరొంచ రేవుకు, కాళేశ్వరానికి వస్తారు. అన్నదానం చేయదలచిన కుటుంబాలు యీ సంఘంలో చాలనే వున్నవి. బియ్యం యెన్ని బస్తాలు, పప్పు యెన్ని కిలోలు అని లెక్క వ్రాసుకునే కాగితం మీద "మోదుగ విస్తళ్లు" అని మరొక పంక్తి యిప్పుడే వ్రాసుకుని, యే వూరిలో యెవరు కుట్టగలరో ముందు యేడే విచారించి పెట్టుకోవలసినదిగా అందరినీ కోరుతున్నాము. వివరాలు తెలిసినవారు సంఘం కార్యాలయానికి ఒక కార్డు వ్రాస్తే, పేర్లన్నీ ఒకచోట చేర్చి పెట్టే గుమస్తాపని మేము సంతోషంగా చేస్తాము.